ఛాతీ మీది కాయ

మా కల్లు గీత పనివాళ్లలో ఎవరి ఛాతీ చూసినా వాళ్లు ఎన్నేళ్లుగా చెట్టెక్కుతున్నారో చెప్పవచ్చు. మోకు అనే లావుపాటి తాడును నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకొని, తాటి మొద్దును రెండు చేతులా వాటేసుకొని పైకి పాకుతాం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆ గరుకుకు మోచేతుల లోపలివైపు, పాదాల అంచులు, రొమ్ములు రాసుకుపోయి తోలు మందమై నల్లటి కాయ కాస్తుంది. దాన్ని చూసి మేమెవరం సిగ్గుపడం. నేనైతే కొంచెం గర్వపడేవాడిని కూడా.

అందుకే ఎడమ రొమ్ములో, చనుమొన వెనకాల, చింతగింజంత గట్టిది ఒకటి చేతికి తగిలితే కాయే అనుకున్నాను. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని జబ్బు అనే అలవాటు మా ఊళ్లో లేదు. ఆముదం రాసి, స్నానం చేసేటప్పుడు రాయితో రుద్దాను. చింతగింజ రేగుపండంత అయ్యాక కూడా, ఈ ఏడు చెట్లు ఎక్కువయ్యాయి, కాయ ముదిరింది అనుకున్నానే తప్ప ఇంకో ఆలోచన రాలేదు. మా ఊళ్లో సూదులు వేసే డాక్టరుకు చూపిస్తే ఆయన కూడా వేలితో నొక్కి చూసి, "కాయనే అన్నా, ఎక్కుడు జర తగ్గియ్యి" అని గోలీలు ఇచ్చాడు. ఆయనను తప్పుపట్టను. ఆయన తండ్రి కూడా చెట్టెక్కి బతికినవాడే. ఆ కాయలు చూస్తూ పెరిగినవాడికి అది కాయలాగే కనబడుతుంది.

అట్లా ఏడాది గడిచింది. చలికాలంలో చనుమొన లోపలికి గుంజుకుపోయింది. తర్వాత ఒక పొద్దున బనియను విప్పితే ఎడమవైపు గోరంత గోధుమరంగు మరక. కల్లు చిందిందేమో అని ఉతికి ఆరేశాను. మర్నాడు మళ్లీ అదే చోట మరక. అప్పుడు భయం వేసింది.

ఆ మరక చూపించడానికి ఇంట్లో మనిషి లేదు. మా ఊరు జఫర్‌గఢ్ దగ్గర. ఇల్లు నాది, చెట్లు మా బాపు నుంచి వచ్చినవి. ఇంటర్ పాసై డిగ్రీలో చేరిన ఏడాదే బాపు చెట్టు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, పుస్తకాలు మూసి మోకు పట్టాను. చదివే అలవాటు మాత్రం పోలేదు, అందుకే ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను. నా భార్య పోయి అప్పటికి ఎనిమిదేళ్లు. పిల్లలు కలగలేదు. ఉన్నది ఒక్క అక్క, నాకన్నా ఆరేళ్లు పెద్దది, మరిపెడ దగ్గర పల్లెలో ఉంటుంది. మా అవ్వ, అంటే మా అమ్మ, నాకు ఊహ తెలిసీ తెలియనప్పుడే పోతే, నన్ను చంకనెత్తుకొని పెంచింది ఆ అక్కే. అవ్వ ఎట్లా పోయిందంటే, ఎదల పుండు లేచి పోయింది అనేవాళ్లు. ఆ మాట వింటూనే పెరిగాను. అది నా దాకా రాగలదని మాత్రం ఒక్కనాడూ తోచలేదు.

జనగామ దవాఖానలో ఒక చిన్న వయసు డాక్టరు గడ్డ తడిమి, చంక తడిమి, తడిమినకొద్దీ మాటలు తగ్గించేశాడు. "ఇది కాయ కాదు పెద్దాయనా. హైదరాబాదు పోవాలె" అని చీటీ రాశాడు. నాకు యాభై నాలుగు. గడ్డ అన్నందుకు రాని కోపం పెద్దాయనా అన్నందుకు వచ్చింది. చీటీ మడిచి జేబులో పెట్టుకొని, ఊళ్లో ఎవరికీ చెప్పకుండా రైలెక్కాను.

హైదరాబాదులో ఆ జబ్బుకు వేరే గది, వేరే వరుస. వరుసలో అందరూ ఆడవాళ్లే. నేను గోడవారన బెంచీ చివర కూర్చున్నాను. పక్కన కూర్చున్న ఆమె కొంగు సర్దుకొని కొంచెం అటు జరిగింది. ఆమె తప్పేమీ లేదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, ఆడవాళ్ల వరుసలో మగవాడు కూర్చుంటే ఎవరు మాత్రం ఏమనుకుంటారు? కాసేపటికి ఆమే అడిగింది, "ఎవలను తోల్కొచ్చినవన్నా?" అని.

"నా భార్యను. లోపల పరీక్షకు పోయింది" అన్నాను.

ఆ అబద్ధం ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. నోరు తెరిస్తే అదే వచ్చింది. ఆమె అయ్యో అని, తన జబ్బు సంగతి చెప్పి, నా భార్యకు ఎన్నేళ్లని అడిగింది. చనిపోయినప్పటి వయసు చెప్పాను. అన్నం తింటున్నదా అని అడిగింది. తింటున్నది అన్నాను. నా వంతు వచ్చి నా పేరు పిలిచేదాకా ఎనిమిదేళ్ల కింద పోయిన మనిషికి అన్నం తినిపిస్తూ, నిద్ర పుచ్చుతూ కూర్చున్నాను. పిలిచింది నన్నేనని తెలిశాక ఆమె ముఖం చూసే ధైర్యం లేక తల వంచుకొని లోపలికి పోయాను.

గడ్డ ముక్క తీసి పరీక్షకు పంపారు. పది రోజుల తర్వాత డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకొని కూర్చోబెట్టి, రొమ్ము క్యాన్సర్ అని చెప్పింది. ఓపిక గల మనిషి.

"మగవాళ్లకు రొమ్మేందమ్మా" అని నేనే మొదట అడిగాను.

"ఉంటుంది, చిన్నగా. అందరికీ రాదు, కానీ రావచ్చు" అంది.

అప్పుడు నాకు పోతుతాడు గుర్తుకొచ్చింది. అది మగ తాటిచెట్టు, కాయ కాయదు. అయినా గెల గీస్తే కల్లు పారుతుంది. ముప్పై అయిదేళ్లు పోతుతాళ్లు గీసినవాడు ఆ ప్రశ్న అడిగి ఉండకూడదు.

గడ్డ ముక్కకు రకరకాల రంగులు పట్టించి, దాని గుణం చూస్తారట. ఈఆర్, పీఆర్ రెండూ పాజిటివ్ అంది. నా గుండె జారింది. కరోనా కాలంలో పాజిటివ్ అంటే ఏమిటో మా ఊరంతటికీ తెలుసు. ఆమె నవ్వి, "ఇక్కడ అది మంచి మాటండీ" అంది. ఆడవాళ్ల హార్మోను కొంచెం మగవాళ్ల ఒంట్లోనూ ఉంటుందట, నా గడ్డ దాన్ని తిని పెరుగుతున్నదట. తిండి ఏదో తెలిస్తే, ఆ తిండి అందకుండా చేయవచ్చు. దానికి రోజుకు ఒక గోలీ. హెర్‌టూ అనేది లేదు, అదీ మంచిదే. కేఐ-67 అనేది ఆ కణాలు ఎంత తొందరగా పుడుతున్నాయో చెబుతుంది, అది తక్కువే ఉంది. "మీది నిదానంగా నడిచే రకం. ఆపరేషన్‌లో చంక కింది గ్రంథులు శుభ్రంగా ఉంటే కీమో కూడా అక్కర్లేకపోవచ్చు."

"ఎన్నేండ్లు బతుకుత?" అన్నాను.

"అంకె చెప్పను. మీలాంటి గుణాలున్న ఆడవాళ్లు చాలా ఏళ్లు బాగుంటారు. మగవాళ్లూ అట్లాగే ఉండాలి. కాకపోతే మగవాళ్లు ఆలస్యంగా వస్తారు, అందుకే ఫలితం తగ్గుతుంది. మగ రోగులు తక్కువ కాబట్టి ఈ లెక్కలన్నీ ఎక్కువగా ఆడవాళ్లను చూసి కట్టినవే."

ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. నా బతుకు ఎంతో చెప్పే లెక్క కూడా నాది కాదు. నాలాంటివాడు ఇంకొకడు ఎక్కడో ఉండే ఉంటాడు, వాడూ ఏదో బెంచీ చివర కూర్చొని భార్యను తీసుకొచ్చానని చెబుతూ ఉంటాడు. వాడు నాకు కనబడడు, నేను వాడికి కనబడను.

ఆపరేషనుకు బంధువు సంతకం కావాలన్నారు. నాకు ఎవరూ లేరంటే ఒప్పుకోలేదు. పక్క వార్డులో భార్యను చేర్పించిన ఖమ్మం వైపు రైతు ఒకాయన, నా అవస్థ చూసి, తమ్ముడినని రాసి సంతకం పెట్టాడు. అటు తర్వాత ఆయనను నేను చూడలేదు.

రొమ్ము, చనుమొన తీసేసి అడ్డంగా కుట్లు వేశారు. గ్రంథులు శుభ్రంగా ఉన్నాయి. కీమో లేదు, గోలీ చాలన్నారు. కీమో లేకపోతే జుట్టు రాలదు. జుట్టు రాలితే ఎవరికైనా తెలిసిపోయేది. పరీక్షలన్నీ మంచిగా రావడమే తర్వాత నేనాడిన అబద్ధానికి అండ అయింది.

ఎండలు తగ్గి తొలకరి పడుతున్న రోజుల్లో, చొక్కా కింద కట్టుతో స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగాను. స్టేషను బయట మా ఊరి గీత పనివాడే ఒకడు ఎదురుపడ్డాడు. నా నడక చూశాడు, మెడ దగ్గర కనబడుతున్న కట్టు చూశాడు.

"ఏందే, జారినవా? గందుకేనా ఇన్నొద్దుల సంది కనిపిస్తలేవు?" అన్నాడు.

"ఆ" అన్నాను.

అంతే, ఒక్క అక్షరం. మా పనిలో జారడం అంటే మర్యాద తక్కువ కాదు. మోకు వదులై జారితే ఛాతీ మొద్దుకు రాసుకుంటూ దిగజారుతుంది, తోలు లేచిపోతుంది, కుట్లు పడతాయి. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరికి ఆ మచ్చ ఉంటుంది. నా కట్టుకు అంతకంటే సరిపోయే కారణం వెతికినా దొరకదు. తాటిచెట్టు ఎందుకెక్కినవురా అంటే దూడ గడ్డి కోసం అన్నవాడి అబద్ధం ఎవరూ నమ్మలేదు గానీ, నాది ఊరంతా నమ్మింది.

అబద్ధానికి చెట్టు కావాలి. ఏ చెట్టు అని అడిగారు. పొలాల చివర ఒంటరిగా ఉండే వంకర తాటిచెట్టు పేరు చెప్పాను. అక్కడికి ఎవరూ రారు, చూశామనేవాళ్లు ఉండరు. మా దాంట్లో ఒకడు జారితే తక్కినవాళ్లు వాడి చెట్లు వంతులవారీగా గీసి పెడతారు. నా చెట్లూ గీశారు. పొద్దున్నే నా వాకిట్లో కల్లు లొట్టి పెట్టి, "ఎట్లున్నవే" అని అడిగి పోయేవాళ్లు. ఆ వంకర తాడును మాత్రం ఎవరూ ముట్టలేదు. పాపం, దాని దగ్గరికి నేను ఆ ఏడాది పోనే లేదు.

కబురు చేయకముందే అక్క వచ్చింది. తొర్రూరులో బస్సు మారి, సంచిలో పచ్చడి, కారప్పొడి పెట్టుకొని వచ్చింది. నేను జారిన సంగతి విని ఏడవలేదు. "కాళ్లు చేతులు మంచిగున్నయి గద" అని తడిమి చూసుకుంది. కట్టు మార్చుతానంటే వద్దన్నాను, దవాఖానవాళ్లే మార్చాలన్నారని చెప్పాను. చెట్టు మీద నుంచి పడ్డ బాపును సాకిన ఇల్లు మాది, ఆమెకు అనుమానం రావలసిందే. కానీ తమ్ముడు అబద్ధమాడతాడన్న ఊహ ఆమెకు లేదు. బోనం కుండలో కల్లు తీసుకొని పోయి వంకర తాడు మొదట్లో ఎల్లమ్మ పేరిట సాకగా ధార పోసి, "నా తమ్మున్ని ఇడిసిపెట్టినవు, చాలు తల్లీ" అని మొక్కి వచ్చింది. ఆమె పోతుంటే నేను వాకిట్లో నిలబడి చూస్తూ ఉండిపోయాను. ఆ రోజు చెప్పాల్సింది.

పది రోజులు ఉంది. పోయే ముందు రోజు మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, "తమ్మీ, నీకొక మాట చెప్దామనుకున్న" అంది. నేను తలెత్తాను. నా చొక్కా లోంచి కనబడే కట్టు వైపు చూసి, "ఏం లేదు తియ్. తిను" అంది. మళ్లీ అడగలేదు నేను.

గోలీ మొదలయ్యాక ఇంకో సంగతి ఎదురైంది. ఉన్నట్టుండి పొట్టలోంచి మంట లేచి మెడ దాకా ఎగబాకేది, చలికాలం పొద్దున కూడా ఒళ్లంతా చెమటతో తడిసిపోయేది. డాక్టరమ్మను అడిగితే, నెలసరి ఆగిపోయే వయసులో ఆడవాళ్లకు వచ్చే ఆవిర్లే, గోలీ వల్ల మీకూ వస్తాయి అంది. అక్క యాభై దాటినప్పుడు వాకిట్లో చాప వేసుకొని విసురుకుంటూ, ఒళ్లు కాలిపోతుందని తిట్టుకోవడం నేను చూశాను. అప్పుడు ఆమెను ఆటపట్టించాను కూడా. ఇప్పుడు ఆ మంట ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, ఎట్లా ఓర్చుకోవాలో అడగడానికి ఉన్నది ఆమె ఒక్కతే, ఆమెనే అడగలేను. కల్లు మండువలో నలుగురితో కూర్చున్నప్పుడు మంట లేస్తే, తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకొని లేచి వచ్చేసేవాడిని. కొన్నాళ్లకు అక్కడికి పోవడమే మానేశాను. జారినప్పటి నుంచి మనిషి మారిండు, భయం పట్టుకుంది అనుకున్నారు.

బతుకమ్మ పండుగ రోజుల్లో డాక్టరమ్మ మళ్లీ పిలిచింది. మగవాడికి రావడం, తల్లికీ ఉండేదని నేను చెప్పడం చూసి, ఆమె ముందే నా రక్తం వేరే పరీక్షకు పంపింది. బీఆర్‌సీఏ-టూ అనే జన్యువులో మార్పు ఉందట. అది తల్లి నుంచైనా తండ్రి నుంచైనా బిడ్డలకు వస్తుంది, నాకు అవ్వ నుంచి వచ్చి ఉంటుందట. "మీకు అక్కచెల్లెళ్లు ఉన్నారా?"

"ఒక్క అక్క."

"ఆమెకు వచ్చి ఉండే అవకాశం సగానికి సగం. ఆమెకు ఉంటే ఆమె పిల్లలకూ అంతే. వెంటనే చెప్పండి. ముందే చూసుకుంటే చాలా తేడా ఉంటుంది."

సరే అన్నాను. చెప్పాలంటే మొదట నాది చెప్పాలి. నాది చెప్పాలంటే జారలేదని చెప్పాలి, సాక పోసిన కల్లు ఉత్తదని చెప్పాలి, ముప్పై అయిదేళ్లు చెట్టెక్కిన తమ్ముడికి ఆడవాళ్ల జబ్బు వచ్చిందని చెప్పాలి. ఫోను చేసేవాడిని. ఆమె మిరప తోట సంగతి, మోకాళ్ల నొప్పి సంగతి మాట్లాడేది. ఎల్లుండి చెబుదాం అని పెట్టేసేవాడిని. దీపావళి పోయింది, కొత్త సంవత్సరం పోయింది. మందుల కోసం పోయినప్పుడు డాక్టరమ్మ, "అక్కగారికి చెప్పారా?" అని అడిగింది. చెప్పాను అన్నాను. ఆమె నా కాగితంలో రాసుకుంది. ఆ రాత చూశాక నా మీద నాకే అసహ్యం వేసి, మర్నాడే మరిపెడ పోయాను.

అక్క వాకిట్లో ఎండు మిరప కాయలు కుప్ప పోసుకొని తాలు ఏరుతోంది. ఘాటుకు కళ్లలో నీళ్లు. నేను ఎదురుగా కూర్చొని చొక్కా గుండీలు విప్పాను. ఎడమవైపు చదునుగా, అడ్డంగా ఒక గీత. చనుమొన లేదు. చెట్టు గీరితే చనుమొన పోదని ఆమెకు నేను చెప్పనక్కరలేదు.

"అవ్వ పోయిన జబ్బే అక్కా. నాకచ్చింది. నేను జారలే" అన్నాను. మార్పు సంగతి, సగానికి సగం సంగతి, నువ్వు పరీక్ష చేయించుకోవాలన్న సంగతి, అన్నీ ఒకే ఊపిరిలో చెప్పేశాను.

ఆమె నా ఛాతీ వైపు చూసింది. చేతిలో ఉన్న తాలు కాయలు పక్కన పడేసింది.

"నాకు గూడ ఉన్నదిరా" అంది.

"ఎప్పటి సంది?"

"ఉగాది ముందుగాల సంది. నీ తానికి వచ్చింది గది చెప్దామనే. ఎవలతోని చెప్పుకోను మరి? వచ్చి చూస్తే నువ్వు చెట్టు మీద నుంచి పడి పండుకున్నవు. నీ బాధ నీకున్నది, నా బాధ గూడ ఎందుకని ఊకున్న."

ఆమె అట్లా వచ్చిపోయి అప్పటికి ఏడు నెలలు దాటింది.

నేను చూసిన వరుసలోనే, ఆ బెంచీ మీదే అక్కను కూర్చోబెట్టాను. ఈసారి నిజంగానే ఒక మనిషిని తోలుకొని వచ్చాను. ఆమె గడ్డ ముక్కకూ అవే రంగులు పట్టించారు. ఒక్క తల్లి బిడ్డలం, రక్తంలో ఒక్కటే మార్పు, కాగితాలు మాత్రం వేరువేరుగా వచ్చాయి. ఆమెది హార్మోను తినే గుణం అంతంత మాత్రం, కేఐ-67 ఎక్కువ. స్కానింగులో వెన్ను ఎముకల్లోనూ, కాలేయంలోనూ మచ్చలు. పూర్తిగా పోయే దశ దాటింది, మందులతో తగ్గించుకుంటూ రోజులు పెంచుకోవాలని డాక్టరమ్మ చెప్పింది.

అక్క ఒక్కటే అడిగింది. "నేను పోయిన తొలకరికి వస్తే ఏమైతుండె డాక్టరమ్మా?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. చెప్పానని నేను చెప్పిన మాట ఆమె ముందున్న కాగితంలోనే ఉంది. "అప్పటికి చిన్నగా ఉండి ఉండవచ్చమ్మా. అయినా ఇప్పుడు చేయాల్సింది చూద్దాం" అంది. అక్క తల ఊపింది. తిరుగు ప్రయాణంలో తొర్రూరు దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. తిడుతుందేమో అని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిక అయ్యేది. దిగే ముందు మాత్రం, "నీ సంగతి ఎవలకు చెప్పకు. మగోనివి, ఊళ్లె తిరిగేటోనివి. బిడ్డకు గూడ చెప్పకు, అత్తగారింట్ల మాట పడుతది" అంది.

బిడ్డ అంటే నా మేనకోడలు. భూపాలపల్లిలో ఉంటుంది, అల్లుడు బొగ్గుబాయిలో పని చేస్తాడు. ఇద్దరు ఆడపిల్లలు. అక్కకు ఆ మార్పు ఉందని తేలాక, ఈ పిల్లకు సగం అవకాశం. అక్క వద్దన్నా చెప్పాలనే భూపాలపల్లి పోయాను. అల్లుడు రాత్రి షిఫ్టు చేసి వచ్చి లోపల నిద్రపోతున్నాడు. కిటికీ గట్టు మీద, తులసి ఆకుల మీద సన్నటి నల్ల దుమ్ము. మేనకోడలు చాయ ఇచ్చి, పిల్లలను పిలిచి, "చూడుండ్రి, తాత గింత పెద్ద చెట్టు మీద నుంచి పడ్డా ఏం కాలే" అని చూపించింది. చిన్నది వచ్చి నా ఒళ్లో కూర్చొని ఎంత ఎత్తు అని అడిగింది. ఎత్తు చెప్పాను. చాయ తాగి వచ్చేశాను. బస్టాండు దాకా నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగాను, రెండుసార్లూ మళ్లీ బస్టాండు దారే పట్టాను.

రెండు కీమోలు అయ్యేసరికి అక్కకు జుట్టు రాలింది. సంగతి అందరికీ తెలిసి, ఒక ఆదివారం చుట్టాలు చూడటానికి వచ్చారు. వసారాలో మంచం మీద అక్క, చుట్టూ పది పన్నెండు మంది. భూపాలపల్లి నుంచి మేనకోడలు కూడా వచ్చి, తల్లి కాళ్ల దగ్గర కూర్చొని ఉంది. వచ్చిన వాళ్లలో ఒక పెద్దమనిషి, "మీ ఇంట్ల ఇంకెవలకన్న ఉండెనా గిది?" అని అడిగాడు.

"మా అవ్వకుండె. గంతే" అంది అక్క. "నా తమ్మునికైతే ఏం లేదు. చెట్టు మీద నుంచి పడ్డా లేచి తిరుగుతుండు."

మేనకోడలు ఆ మాటకు తల ఊపింది. నమ్మకంగా ఊపింది.

"నేను చెట్టు మీద నుంచి పడలే" అన్నాను.

అక్క నా వైపు చూసింది. ఊరుకో అన్నట్టు చెయ్యి కదిపింది.

"నాకు గూడ గిదే జబ్బు. రొమ్ము తీసేసిండ్రు. మా అవ్వ నుంచి మా ఇద్దరికొచ్చింది."

ఒకాయన నవ్వాడు. నేను హాస్యమాడుతున్నాను అనుకున్నాడు పాపం. ఎవరూ తనతో నవ్వకపోయేసరికి చాయ గ్లాసు కింద పెట్టి నా ఛాతీ వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆడవాళ్లలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా పక్కన కూర్చున్న మనిషి కొంచెం అటు జరిగాడు. అంటుకునేది కాదు అని చెప్పాలనిపించలేదు. నేను మేనకోడలినే చూస్తున్నాను.

"మామా, మరి నాకు గూడ చూపియ్యాల్నా?" అంది.

"చూపియ్యాలె బిడ్డా. రక్తం ఇస్తే తెలుస్తది. రాకపోవచ్చు గూడ. వచ్చినా ముందుగాల తెలిస్తే వేరే సంగతి."

ఒకరొకరే లేచి, పోయొస్తమని చెప్పి, చెప్పులు వెతుక్కున్నారు. నాతో చెప్పినవాళ్లు తక్కువ. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. చెప్పొద్దన్నది చెప్పినందుకు ఇక నాతో మాట్లాడదనే అనుకున్నాను. వసారా ఖాళీ అయ్యాక, అటు తిరిగే అంది.

"రేపే తీస్కపో దాన్ని. నాకు చేసినట్టు చెయ్యకు."

నేను సరే అన్నాను. ఇంత జరిగినా అక్క నన్ను తప్పుపట్టిన మాట అదొక్కటే.